మడిపట్టు

దేవతార్చనకు కూర్చుండువారు నూలుబట్టను ప్రతిదినము తడిపి, పరులు తాకని చోట ఆరవేసిన పిదపనే మడిగా కట్టవలెను. పట్టునకు ఆ నిర్బంధము లేదు, కట్టి విడిచి దండెముపై వేసిన పట్టుతాపితా మరునాటికిని మడియే. ఉల్లిని వెల్లుల్లిని గడప దాటనీయని ఇండ్లలో, కోడిగ్రుడ్డు పేరెత్తినంతనే ముఖము చిట్లించు పెద్దల దేహములపై, పూజావేళ శోభిల్లునది ప్రాణులెన్నింటినో చంపగా వచ్చిన వస్త్రము. అంటును గూర్చి అంత సూక్ష్మముగా విచారించిన మన ఆచారము ప్రాణమును గూర్చి ఇచ్చట విచారింపకుండుట నాకు మిక్కిలి బాధాకరముగ నున్నది. 1944లో ఇంగ్లండున డొనాల్డ్ వాట్సన్ ప్రభృతులు వీగన్ సంఘమును స్థాపించిరి. నేడు ఆ మార్గమున నడచువారు పాలతోపాటు పట్టును సైతము వర్జింతురు. అహింస పరమధర్మమని వేల ఏండ్లుగా వినుచున్న మనకు ఆ విచారణ పరాయిది కారాదు.

పట్టుపురుగు పుట్టిననాటినుండి మనుష్యుని చేతులలోనే పెరుగును. రైతు మల్బరీ ఆకు కోసి తెచ్చి, వేళకు మేత వేసి, చీమ సోకకుండ తట్టలకు కాపుండి, అది నాలుగుమారులు కుబుసము విడుచువరకు పసిబిడ్డను సాకినట్లు సాకును. ఇంచుమించు 25 దినములకు అది మేత మాని, చంద్రిక యను తడికపై చేరి, తల అటునిటు త్రిప్పుచు, నోటినుండి తెగని దారమొకటి వెలువరించి, రెండు మూడు దినములలో తన చుట్టు తానే గూడు కట్టుకొనును. ఆ దారము నిడివి సుమారు 1000 మీటర్లు. అట్లే విడిచినచో లోని పురుగు కొలది దినములకు శలభమై, తన నోటి ద్రవముతో గూటికొనను మెత్తబరచుకొని వెలికి వచ్చును. అప్పుడు దారము ముక్కలగును. అది తెగరాదని, హిందూపురపు మార్కెట్టులో గూళ్ళు కొన్నవారు ఆవిరిచేతనో వేడిగాలిచేతనో లోని ప్రాణిని చంపి, పిదప వేడినీటిలో వేసి పోగు తీయుదురు. పోగంతయు వచ్చిన వెనుక తొట్టిలో మిగులునవి గోధుమవన్నె గల చిన్న చిన్న దేహములు. ఒక్క ధర్మవరపు చీరకు ఇట్టి గూళ్ళు వేలకొలది కావలెను.

పురుగునకు బాధ తెలియునా యని ప్రశ్నించువారు కలరు. తెలియునని నేను నిరూపింపజాలను. కాని తాకినంతనే మెలికలు తిరుగు దేహమును చూచియు, దానికేమియు తెలియదని నిశ్చయించుకొని నిప్పు రాజేయుటకు వలసిన ధైర్యము నాకు లేదు. సందేహము మిగిలినచోట దాని ఫలము బలహీనునకు దక్కుట న్యాయము. ప్రత్తిచేలలో పురుగులు చావవా యని మరియొక ఆక్షేపణ. చచ్చుచున్నవి, ఆ హింసను తగ్గించు మార్గములు వెదకవలసినదే. అయినను పంటను తినవచ్చిన దానిని వారించుట వేరు, చంపుటకే మేపి పెంచుట వేరు: పురుగు చావకున్నను ప్రత్తి పండును, పురుగు చావనిదే పట్టునకు ఆ నిగనిగ రాదు.

1990 ప్రాంతమున నాటి రాష్ట్రపతి వేంకటరామన్ గారి సతీమణి జానకిగారు పురుగును చంపని పట్టుచీర దొరకునా యని అడుగగా, ఆ మాటను విడువక, మన చేనేత సహకార సంస్థ ఉద్యోగి కుసుమ రాజయ్యగారు శలభము వెడలిపోయిన గూళ్ళను వడికించి నేయించి, దానిని అహింసాపట్టు అనిరి. అది వెల హెచ్చు, మెరుపు తక్కువ. వెలికి వచ్చిన శలభమైనను ఎగురలేదు, ఏమియు తినదు, కొన్ని దినములలో మరణించును. అయినను ఆ దినములు దానివి.

రాయలసీమ మెట్టనేలలలో మల్బరీ ఎన్నో కుటుంబములకు అన్నము పెట్టుచున్నది గనుక రైతును నేను నిందింపను. మడి పేరిట, పెండ్లి పేరిట పట్టును కోరుచున్నవారము మనము. మంగళసూత్రధారణవేళ వధూవరులు కట్టు మధుపర్కములు పూర్వమునుండి నూలువే. పసుపు అద్దిన ఆ తెల్లని బట్టలతో జరిగిన వివాహమునకు ఏ లోపమును లేదు. పాఠకులారా, మీ ఇంట రానున్న పూజకు నూలుబట్టనే తడిపి ఆరవేసికొనుడు.