ఇరవై అయిదో స్వరం

హైదరాబాదు నుంచి విజయవాడ పోయే 65వ నంబరు జాతీయ రహదారి మీద ముందు సూర్యాపేట, తర్వాత కోదాడ. ఆ దారి దిగి దక్షిణానికి మళ్లితే వరి చేల నడుమ మిర్యాలగూడ. ఈ మూడు ఊళ్లలో ఇంట్లోనే పాట రికార్డు చేసుకోవడం ఇప్పుడు వింత కాదు. ఒకరు చర్చి పాటలు చేస్తారు, ఒకరు అయ్యప్ప భజనలు, ఇంకొకరు సద్దుల బతుకమ్మకి నెల ముందు యూట్యూబ్ కోసం కొత్త పాట. పడకగది కిటికీకి బొంత కట్టి, ఫ్యాను ఆపి, కాసేపు కుక్కర్ పెట్టొద్దని ఇంట్లోవాళ్లని బతిమాలి మైకు ముందు కూర్చుంటే అదే స్టూడియో. రోడ్డు మీద హారన్ కొట్టే లారీని మాత్రం ఎవరూ బతిమాలలేరు.

ఈ పనిలో దిగినవాళ్లు తొందరలోనే ఒక ప్రశ్న దగ్గర ఆగుతారు. వాద్యాలన్నీ మనుషుల చేత వాయించే స్తోమత ఉండదు. ఆ శబ్దాలు ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి? సౌండ్ మాడ్యూల్ అనే పెట్టె కొని కీబోర్డుకి తగిలించుకోవాలా, కంప్యూటర్లో ప్లగిన్లనే సాఫ్ట్‌వేర్ సింథసైజర్లు వేసుకోవాలా? మా అక్క కొడుకు కూడా అక్కడే ఆగాడు. మిర్యాలగూడలో ఒక రైసుమిల్లులో లెక్కలు రాస్తాడు, రాత్రిళ్లు ట్రాకులు చేస్తాడు. ఆర్కెస్ట్రా మానేసిన ఒకాయన తన పాత రోలాండ్ ఎస్‌సి-55 అమ్ముతున్నాడట. "మామా, పెట్టె తీసుకోనా, ప్లగిన్లతోనే నడిపించనా?" అని ఫోను చేశాడు.

ఎస్‌సి-55 వచ్చింది 1991లో. జనరల్ మిడి అనే ఒప్పందం ఖరారైంది కూడా ఆ ఏడాదే. ఏ కంపెనీ పెట్టెలోనైనా 1వ నంబరు పియానో, 74వ నంబరు ఫ్లూటు అయి తీరాలన్నది దాని సారం. మొత్తం 128 శబ్దాలు, 16 చానళ్లు, పదో చానల్ డ్రమ్ములది. ఆ పట్టికలో మన దేశం వాటా కింద 105లో సితార్, 112లో షెహనాయి కనిపిస్తాయి. జపాను తైకో 117లో ఉంది. 126వ నంబరు హెలికాప్టర్. డప్పు లేదు, వీణ లేదు, నాదస్వరం లేదు. సూర్యాపేట పక్కన దురాజ్‌పల్లి పెద్దగట్టు మీద రెండేళ్లకోసారి లింగమంతుల స్వామి జాతరలో మోగే భేరీల సంగతి ఆ పట్టిక రాసినవాళ్లకి తెలిసే దారేది? హెలికాప్టర్ చప్పుడు మటుకు గుర్తొచ్చింది.

ఈ పెట్టె ఒకేసారి 24 స్వరాలు మాత్రమే పలుకుతుంది. కొన్ని శబ్దాలు ఒక్క మీటకే రెండు స్వరాల చోటు తింటాయి కూడా. 25వది రాగానే అప్పటికే మోగుతున్న ఒకదాన్ని తెంపి దానికి చోటిస్తుంది. తెగేది ఏ వయొలిన్ల మోతలోదో అయితే సరే, పల్లవి మీద నిలిచిన వేణువైతే పాటకి గండి పడ్డట్టే. అందుకని దానితో పాటలు కట్టేవాళ్లు ఎడమ చేతి కార్డ్‌లో స్వరాలు తగ్గించేవారు, ఎవరి చెవికీ ఆనని వెనక శబ్దాలు తీసేసేవారు. ఏది లేకపోయినా పాట నిలుస్తుంది అన్న లెక్క చేతిలోనే ఉండాల్సి వచ్చేది.

సాఫ్ట్‌వేర్ ఆ లెక్కను చెరిపేసింది. 1996లో స్టైన్‌బర్గ్ కంపెనీ తన రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ క్యూబేస్‌తో ప్లగిన్ల కోసం వీఎస్‌టీ పద్ధతి తెచ్చింది. 1999లో దాని రెండో రూపం వచ్చాక వాద్యాలే ప్లగిన్లుగా కంప్యూటర్లోకి దిగాయి. ఇక హద్దంటే ఆ కంప్యూటర్ ఓపికే. డప్పు కూడా, ఎవరో ఓపిగ్గా రికార్డు చేసి పెట్టి ఉంటే, దొరుకుతుంది.

పెట్టె పక్షం వాళ్లు ముందుగా ఎత్తే మాట ఒకటుంది. సాఫ్ట్‌వేర్‌లో మీట నొక్కాక శబ్దం ఆలస్యంగా వస్తుందని. కొంత నిజమే. సెకనుకి 44,100 నమూనాల లెక్కన పనిచేసేటప్పుడు బఫర్, అంటే ఒక్కో విడతకి పోగేసే నమూనాల సంఖ్య, 1,024 దగ్గర పెడితే 23 మిల్లీసెకన్లు పడుతుంది, వేళ్లకి తెలుస్తుంది. 256కి దించితే ఆరు మిల్లీసెకన్ల లోపే. ఇంటర్‌ఫేస్ తన వంతు ఇంకాస్త కలుపుతుంది. కానీ ఆరు మిల్లీసెకన్లంటే ధ్వని గాలిలో రెండు మీటర్లు పోయేంత సమయం. తబలా ఆయన రెండు మీటర్ల అవతల కూర్చున్నాడని భజనలో ఎవరూ తాళం తప్పరు. పోనీ పెట్టె తక్షణం పలుకుతుందా అంటే అదీ కాదు. కీబోర్డు నుంచి పెట్టెకి కబురు మోసే మిడి తీగ ఇప్పటికీ 1983లో ఖాయం చేసిన వేగంతోనే, సెకనుకి 31,250 బిట్లతో నడుస్తుంది. ఒక స్వరం కబురు అందడానికి దాదాపు ఒక మిల్లీసెకను. నాలుగు మీటలు ఒక్కసారే నొక్కినా ఆ నాలుగు కబుర్లూ ఒకదాని వెనక ఒకటి వెళ్లాల్సిందే. చెవుల పేరుతో జరిగే ఈ వాదన చాలావరకు కళ్లతో, మోజుతో జరిగేదని నా అనుమానం. పాట చివరికి వినిపించేది షేర్ ఆటోలో, ఫోను స్పీకర్లో.

మన్నిక సంగతీ అంతే. పాత మాడ్యూళ్లలో నాణెమంత బ్యాటరీ అయిపోతే దాచుకున్న మార్పులు పోతాయి. బాగుచేసేవాళ్ల కోసం హైదరాబాదు పోవాలి. తీగలు పెరిగే కొద్దీ, ఎర్తింగ్ సరిగా లేని ఇళ్లలో, 50 హెర్ట్జ్ కరెంటు రొద పాట కింద గుయ్యిమంటూనే ఉంటుంది. సాఫ్ట్‌వేర్ అయితే ఇంకో రకం చావు. 2019లో ఆపిల్ తన కొత్త మ్యాక్ ఓఎస్‌లో 32 బిట్ ప్రోగ్రాములను పూర్తిగా మానేసింది, అప్పటిదాకా పలికిన ప్లగిన్లు ఎన్నో ఒక్క అప్‌డేట్‌తో మూగబోయాయి. ఇక పెన్‌డ్రైవులో చేతులు మారే క్రాక్ కాపీలు సరేసరి. దొంగ కాపీతో భక్తిపాట చేసేవాళ్లని చూస్తే ఏమనాలో తోచదు, న్యాయంగా ఉచితంగా దొరికే శబ్దాలే ఏళ్ల తరబడి వాయించినా తరగవు కదా.

నాకు కనిపించే అసలు తేడా వాయిదాల దగ్గర ఉంది. ఒకే పెట్టె ఉన్నవాడు వయొలిన్లు వాయించి, వాటిని ఆడియోగా దించేసి, పెట్టెను తర్వాతి వాద్యానికి ఖాళీ చేసుకునేవాడు. దించాక మార్చాలంటే మళ్లీ మొదట్నుంచీ వాయించాలి. కాబట్టి మార్చేవాడు కాదు. సాఫ్ట్‌వేర్‌లో ఏదీ దించనక్కర్లేదు. మూడు నెలల తర్వాత ప్రాజెక్టు తెరిచినా ప్రతి మీటా, ప్రతి శబ్దమూ "నన్ను మార్చవచ్చు" అంటూ సిద్ధంగా ఉంటుంది. సూర్యాపేటలో ఏ వీధిలో తలెత్తినా డాబాల మీద ఇనుప చువ్వలు నిలబడి కనిపిస్తాయి. ఎప్పుడో పై అంతస్తు వేస్తే పనికొస్తాయని వదిలినవి. అంతస్తు లేవదు, చువ్వలు తుప్పు పడతాయి, ఎలాగూ కట్టబోతున్నాం కదా అని పిట్టగోడ కూడా కట్టరు. మావాడి ల్యాప్‌టాప్ నిండా అలాంటి పాటలే. ఫైళ్ల పేర్లు చూశాను: ఫైనల్, ఫైనల్ కొత్తది, ఫైనల్ వయొలిన్ మార్చింది.

వాయిదా వేసుకోగలగడాన్ని మనం స్వేచ్ఛ కింద జమ కట్టుకుంటున్నాం. ఏ తలుపూ మూయకుండా ఉంచుకోవడం తెలివి అనిపిస్తుంది. ఉద్యోగం విషయంలోనూ అంతే, ఊళ్లో ఉండాలా పట్నం పోవాలా అన్నదీ అంతే, అన్నదమ్ముల మధ్య గెట్టు పంచాయితీ అయినా అంతే. తేల్చని సంగతి ఊరికే పడి ఉంటుందనుకుంటాం. ఉండదు. రాత్రి పడుకోబోయే ముందు వచ్చి కాస్త నిద్ర పట్టుకుపోతుంది. మావాడు పాటలు చేసి అలిసిపోతున్నానంటాడు. చేయడం వల్ల కాదు, చేసినవి అయిపోకపోవడం వల్ల అలిసిపోతున్నాడని నేనంటాను.

వాడు నెలలుగా సాగదీస్తున్నది వాళ్ల నాయనమ్మ పాట. సాగర్ ఎడమ కాల్వ కింద నాట్లలో పెరిగిన గొంతు ఆమెది. నాట్ల పాటకి కొలత పొలమే. ఒకామె ఎత్తుకుంటుంది, మిగతావాళ్లు అందుకుంటారు, మునుం, అంటే నాటుతూ పోయే వరస, ఒడ్డు చేరే వేళకి పాట కూడా ఒడ్డున పడుతుంది. మునుం పొడుగైతే ఇంకో రెండు మాటలు అప్పటికప్పుడు కలుస్తాయి, కురచైతే తగ్గుతాయి. పాట బాకీ పడి ఇంటికి రాదు. మైకు ముందు కూడా ఆమె అలాగే పాడింది. ఒక్క ఊపున నాలుగు నిమిషాలు పాడి, మంచినీళ్లు తాగి లేచింది. "ఇంకోసారి పాడవా నాయనమ్మా" అంటే "పాడితి గదరా, ఇంకేంది?" అంది. ఆ నాలుగు నిమిషాల కింద ఏ వయొలిన్లు పెట్టాలో మావాడికి ఈ రోజుకీ తేలలేదు.

లేమిని గుణంగా పొగడటం నాకు నచ్చదు. 24 స్వరాలతో సర్దుకున్నవాళ్లు తెలివైనవాళ్లని కాదు, అంతకన్నా లేకపోయాయి. 1994లో రోలాండ్ జేవీ-1080 64 స్వరాలతో వస్తే లోకమంతా ఎగబడి కొన్నది. పెట్టె గీసిన గీత దగ్గర ఆగడానికి మనిషి చేసేదేమీ లేదు. గీత లేని చోట తనంతట తాను ఆగడం కష్టం. అందుకే పెట్టె కొంటే క్రమశిక్షణ కూడా దాంతో వస్తుందన్న మాట నేను నమ్మను. పెట్టె కొన్నవాళ్లు రెండో పెట్టె కోసం వెతకడమూ చూశాను.

పెట్టె వైపు నాకు బలంగా తోచిన కారణం ఒకటే, అదీ శబ్దానికి సంబంధించింది కాదు. మావాడు పగలంతా ట్యాలీ ముందు కూర్చుంటాడు. రాత్రి మళ్లీ అదే తెర, అదే మౌసు, అవే వరుసలు. పాట అల్లే వేళయినా కళ్లకి తెర లేకపోతే మంచిది కదా. కానీ దానికి ఎస్‌సి-55 అక్కర్లేదు, వాడి కీబోర్డు లోపల శబ్దాలు బోలెడున్నాయి. ల్యాప్‌టాప్ మూసి వాటితోనే అల్లుకోవచ్చు, నచ్చాక ప్లగిన్లకి మార్చుకోవచ్చు.

"పెట్టె వద్దు" అన్నాను. "ఆ డబ్బు మైకు మీద పెట్టు. సాఫ్ట్‌వేర్‌తోనే చెయ్యి, కానీ పెట్టె ఉన్నవాడిలా చెయ్యి. ఈ రాత్రి వయొలిన్లు ఏవో ఒకటి ఎంచుకుని ఆడియోగా దించు, ఆ ప్లగిన్ తీసెయ్యి."

"తర్వాత ఇంకా మంచివి దొరికితే?"

"తర్వాతి పాటకి వాడు."

కొంతసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత దించాడట.

ఇప్పుడు వాడి బెంగ డప్పు మీద. ప్లగిన్‌లో దొరికిన డప్పు నాయనమ్మ గొంతు పక్కన అతకలేదు. కోదాడ నుంచి వాయించేవాళ్లని మాట్లాడుకున్నాడు. మైకు ఎక్కడ పెట్టాలని అడిగితే నాకు తెలిసింది చెప్పాను. బొంతల గదిలో వద్దు, తోలు మోతకి జాగా కావాలి, ఇంటి వెనక వాకిలి మేలు. మీటరు దూరంలో మొదలుపెట్టి, కుడి చేతి చిర్ర దెబ్బా, ఎడమ చేతి సిటికెన పుల్ల సడీ రెండూ విడివిడిగా వినపడే దాకా ముందుకీ వెనక్కీ జరుపుకోవాలి. మేకతోలు డప్పుని మంట దగ్గర కాస్తేనే బిగువెక్కుతుంది, చల్లబడితే శ్రుతి దిగిపోతుంది. కాబట్టి లెవెల్స్ ముందే సరిచూసుకుని, కాచిన వెంటనే రికార్డు నొక్కాలి. ఫైబర్ డప్పులకి ఈ బాధ లేదు గానీ వాళ్లు తోలువే తెస్తామన్నారట. ఆదివారం పొద్దున్నే, మిల్లు లారీలు తక్కువగా తిరిగే వేళకి రమ్మన్నాడు. మూడుసార్లు వాయిస్తాం, అందులోదే తీసుకోవాలి, మధ్యాహ్నం మాకు ఇంకో ఊళ్లో పెళ్లి ఉంది అని ముందే చెప్పారట.