పాతికేళ్ళ చాకిరీ చివర ఇచ్చేది దానమా, బాకీనా?





పొలంలో పని దొరకని కాలంలో మన పగిడ్యాల పల్లెల నుంచి జనం ఎక్కడికి పోతారో మీకు చెప్పక్కర్లేదు. నందికొట్కూరు అంగళ్ళకు పోతారు. నంద్యాల బియ్యం మిల్లులకు, పత్తి మిల్లులకు పోతారు. అట్లా పోయినవాళ్ళలో కొందరు ఒకే యజమాని దగ్గర ఇరవై ఏళ్ళు, పాతికేళ్ళు ఉండిపోతారు. ఆళ్ళగడ్డ శిల్పాల షెడ్లలో రాయి మోసేవాళ్ళూ, పాలిష్ పట్టేవాళ్ళూ అంతే. చివరికి నడుము వంగుతుంది, చూపు తగ్గుతుంది. అప్పుడు యజమాని "ఇంక ఇంటిపట్టున ఉండప్పా" అంటాడు. ఒక పంచె, ఒక తువ్వాలు, ఒక కవరు చేతిలో పెడతాడు. తీసుకున్న మనిషి దండం పెట్టి వస్తాడు.

ఈసారి ఆ కవరు గురించి మాట్లాడుకుందాం. అది దానమా, బాకీనా? పైకి ఇది డబ్బు ప్రశ్నలా ఉంటుంది. లోపల మాత్రం శీలం ప్రశ్న.

ముందు మనలోనే ఉన్న ఒక సందేహం తీర్చుకోవాలి. "తృష్ణ దుఃఖానికి మూలం అంటారు కదా, మరి బౌద్ధుడైనవాడు డబ్బు ఆశించొచ్చా? ఇచ్చింది తీసుకుని ఊరుకోవడమే ధమ్మం కదా?" అని కొందరు అడుగుతారు. ఈ మాట వినడానికి శాంతంగానే ఉంటుంది. కానీ దీనివల్ల లాభం ఎవరికో చూడండి. కూలివాడికి ఆశ వద్దని చెబితే ఆ మిగులు యజమాని పెట్టెలోకే పోతుంది. అతని ఆశను ఎవరూ తప్పుపట్టరు.

తృష్ణ వేరు, హక్కు వేరు. ఎంత వచ్చినా చాలదనేది తృష్ణ. నేను చేసిన పనికి రావాల్సింది రావాలనేది న్యాయం. ఆకలేసినవాడు అన్నం అడిగితే దాన్ని తృష్ణ అనం. బుద్ధుడు పేదరికాన్ని పొగడలేదని బాబాసాహెబ్ 'బుద్ధుడు – ఆయన ధమ్మం'లో స్పష్టంగా చూపించారు. అనాథపిండికుడికి చేసిన ఉపదేశంలో బుద్ధుడు గృహస్థుకు నాలుగు సుఖాలు చెప్పాడు. కష్టపడి, న్యాయంగా సంపాదించింది కలిగి ఉండడం ఒకటి. దాన్ని అనుభవించడం రెండోది. ఎవరికీ బాకీ లేకపోవడం మూడోది. నింద లేని నడవడి నాలుగోది. ఈ మూడో సుఖాన్ని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దాని దగ్గరికి వస్తాం.

సిగాలోవాద సుత్తం మన వందన సభల్లో చాలాసార్లు విన్నారు. రాజగృహంలో సిగాలుడనే యువకుడు తెల్లారి తడిబట్టలతో ఆరు దిక్కులకు మొక్కుతుంటే, దిక్కులంటే మనుషులని బుద్ధుడు చెప్పాడు. తల్లిదండ్రులు తూర్పు, గురువులు దక్షిణం. అట్లా చెబుతూ పోయి, పనిచేసేవాళ్ళను కింది దిక్కు అన్నాడు. వాళ్ళ పట్ల యజమాని చేయాల్సినవి ఐదు చెప్పాడు: శక్తికి తగిన పని ఇవ్వాలి, తిండీ జీతమూ ఇవ్వాలి, జబ్బు చేస్తే చూడాలి, మంచి పదార్థం దొరికితే పంచాలి, సమయానికి విడుపు ఇవ్వాలి. పనివాళ్ళు యజమాని పట్ల చేయాల్సినవి కూడా ఐదు చెప్పాడు. ఇచ్చిందే తీసుకోవడం, పని బాగా చేయడం వాటిలో ఉన్నాయి.

ఆ సుత్తంలో గ్రాట్యుటీ అనే మాట లేదు, నిజమే. కానీ ఆ వరస చూడండి. పనివాడి ఐదూ ఎట్లా విధులో, యజమాని ఐదూ అట్లానే విధులు. ఒకరిది బాధ్యత, ఇంకొకరిది దయ అని బుద్ధుడు విడగొట్టలేదు. పనివాడు పాతికేళ్ళు తన ఐదూ చేశాక, యజమాని తన ఐదింటిని "నా ఇష్టం" అంటే లెక్క కుదరదు.

ఇంకో లెక్క చెబుతాను. మిల్లులో మోటారు ఉంటుంది. అది ఏటేటా అరుగుతుందని యజమానికి తెలుసు. అందుకే ఖాతాలో తరుగుదల రాస్తాడు, కొత్త మోటారుకు డబ్బు చూసుకుంటాడు. మోటారు పక్కన నిలబడి బస్తా ఎత్తే మనిషి అరగడా? అన్నీ అనిత్యమని మనం నమ్ముతాం. మరి ఆ శరీరం తరుగుదల ఎవరి ఖాతాలో రాయాలి? నెల జీతం ఆ నెల పనికి సరిపోయింది. కానీ పాతికేళ్ళలో అరిగిపోయిన నడుముకు అందులో ఏమీ లేదు. చివర ఇచ్చే మొత్తం దానికే. అందుకే అది కొత్తగా ఇచ్చే కానుక కాదు, ఆలస్యంగా చేతికొచ్చే జీతం. దాన్ని ఆపుకోవడమంటే ఇవ్వనిదాన్ని తీసుకోవడమే. పంచశీలలో రెండోది వద్దన్నది ఇదే.

చట్టం కూడా ఈ దారిలోనే నడిచింది. గ్రాట్యుటీ అనే మాటకు మూలంలో అర్థం కానుక. ఒకప్పుడు అది యజమాని మెచ్చి ఇస్తే వచ్చేది. కార్మికులు కొట్లాడి కొట్లాడి దాన్ని హక్కు చేసుకున్నారు. 1972లో గ్రాట్యుటీ చెల్లింపు చట్టం వచ్చింది. పదిమంది, అంతకు మించి పనిచేసే చోట ఐదేళ్ళు విడవకుండా చేసిన మనిషికి, ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున ఇవ్వాలి. నెలను 26 పనిదినాలుగా లెక్కేస్తారు. చివరి జీతం 13,000 అనుకోండి. రోజుకు 500, పదిహేను రోజులకు 7,500. అట్లా 24 ఏళ్ళకు 1,80,000 రూపాయలు. పంచె, తువ్వాలు పక్కన ఈ అంకె పెట్టి చూడండి. 2025 నవంబర్ 21 నుంచి ఈ విషయం సామాజిక భద్రత కోడ్ కిందికి వచ్చింది. 15 రోజుల లెక్క మాత్రం అట్లాగే ఉంది.

"మా అంగట్లో నలుగురమే, మాకు వర్తించదు" అని చాలామంది అనుకుంటారు. మన రాష్ట్రంలో 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం ఉంది. దాని 47వ సెక్షన్ చిన్న అంగట్లో పనిచేసేవాళ్ళకూ సర్వీసు పరిహారం చెప్పింది. 60 ఏళ్ళు నిండినవాళ్ళు నెల ముందు నోటీసు ఇచ్చి మానుకుంటే, చేసిన ఒక్కో ఏడాదికి 15 రోజుల సగటు జీతం రావాలని 1988లో అందులో రాశారు. కాబట్టి మీది చిన్న అంగడైనా లేబర్ ఆఫీసుకు పోయి అడగండి. అడిగే ముందు రుజువులు దగ్గర పెట్టుకోండి: బ్యాంకులో పడిన జీతం, హాజరు పుస్తకం ఫొటో, పి.ఎఫ్. నంబరు, పక్కన పనిచేసినవాళ్ళ సాక్ష్యం. యజమానికి అర్జీ కాగితం మీద ఇవ్వండి, ఒక నకలు మీ దగ్గర ఉంచుకోండి.

యజమానులు చెప్పే మాటలు మనకు కొత్త కాదు. "ఇంట్లో మనిషిలా చూసుకున్నాం" అంటారు. ఇంట్లో మనిషికైతే ఆస్తిలో వాటా ఉంటుంది. వాటా ఇవ్వనప్పుడు కనీసం పనిమనిషికి రావాల్సిందైనా ఇవ్వాలి. "కూతురి పెళ్ళికి అప్పిచ్చాం" అంటారు. అప్పుకు వేరే లెక్క చూసుకోవచ్చు. కోర్టు డిక్రీ ఉన్నా గ్రాట్యుటీని జప్తు చేయడానికి వీల్లేదని 1972 చట్టంలోనే రాశారు. "నీ రాత ఇంతే" అంటారు. ఆ రాతను, పోయిన జన్మ కర్మను 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్‌తో పాటు లక్షలమంది వదిలేసి వచ్చారు. మనం మళ్ళీ ఎత్తుకోవద్దు.

మన తాతలు ఆసాముల ఇళ్ళల్లో జీతగాళ్ళుగా ఉన్నారు. ఉగాదికి లెక్క చూసేవాళ్ళు. ఆ లెక్కలో ఎప్పుడూ మనమే బాకీ తేలేవాళ్ళం. వెట్టి చాకిరీ రద్దు చట్టం 1976లో వచ్చింది. చట్టం వచ్చినా, ఇచ్చింది తీసుకుని దండం పెట్టే అలవాటు చేతుల్లో మిగిలిపోయింది. వైస్రాయి కౌన్సిల్‌లో కార్మిక సభ్యుడిగా 1942 నుంచి 1946 దాకా బాబాసాహెబ్ చేసిన పని ఆ అలవాటు మీదనే. ఫ్యాక్టరీల్లో వారానికి 54 గంటలున్న పనిని 48కి తగ్గించే మార్పు ఆయన తెచ్చారు. అది యజమానులను బతిమాలి తెచ్చింది కాదు, చట్టంగా తెచ్చింది.

ఇప్పుడు కొంచెం కష్టమైన మాట. మనలోనూ యజమానులు తయారయ్యారు. టెంట్ హౌస్, జెరాక్స్ అంగడి, సెంట్రింగ్ కాంట్రాక్టు, చిన్న స్కూలు నడిపేవాళ్ళున్నారు. గోడ మీద బాబాసాహెబ్ పటం ఉంటుంది. పటం కింద పనిచేసే పిల్లగాడి జీతానికి కాగితం ఉండదు. "మాదే చిన్న వ్యాపారం, ఒకేసారి లక్ష ఎక్కడ తేవాలి?" అంటే ఆ ఇబ్బంది నిజమే. అయితే ఒకేసారి తేవాల్సిన అవసరం లేదు. 13,000 జీతగాడికి నెలకు 625 రూపాయలు వేరే ఖాతాలో వేసుకుంటూ పోతే ఆ ఏడాది బాకీ తీరినట్టే. జీతం పెరిగితే ఆ మొత్తం కూడా పెంచుకోవాలి. నెలనెలా కరెంటు బిల్లు కట్టేవాళ్ళం ఇది కట్టలేమా?

పొలం కూలీలకు, ఇళ్ళల్లో పాచిపని చేసే అక్కచెల్లెళ్ళకు ఈ చట్టాలు అందవు. పగిడ్యాల పొలాల్లో ముప్పై ఏళ్ళు కలుపు తీసిన అవ్వకు అర్జీ పెట్టుకోవడానికి ఆఫీసు లేదు. చట్టం చేరని ఆ చోటికి శీలం చేరాలి. ఆ హక్కు కోసం సంఘంగా అడగడం కూడా మన పనే.

అనాథపిండికుడికి చెప్పిన మూడో సుఖం, బాకీ లేని సుఖం, పనివాడి కోసం మాత్రమే చెప్పింది కాదు. పనిమనిషిని వట్టి చేతులతో పంపిన యజమాని విహారానికి ఎంత దానమిచ్చినా బాకీదారుడే. ముందు బాకీ తీర్చాలి, ఆ తర్వాతే దానం. చేసిన పనికి రావాల్సింది అడిగే మనిషి యజమానికి కూడా మేలే చేస్తున్నాడు. అడగండి, తల వంచకుండా అడగండి. మీ దగ్గర ఎవరైనా పనిచేస్తుంటే, వాళ్ళు అడక్కముందే ఇవ్వండి.

భవతు సబ్బ మంగళం. జై భీమ్!