నిప్పు లేనిదే…

మొన్నొక ఆదివారం మధ్యాహ్నం మా యింట్లో కోర్టు కూర్చుంది. బల్ల, సుత్తి, నల్లకోట్లు లేవు. చేగోడీల పళ్ళెం మాత్రం వుంది. న్యాయమూర్తులు అయిదుగురు. పక్కింటి వదినగారు, ఎదురింటి పిన్నిగారు, మా వారు, గుమ్మానికి చేరగిలబడి కూర్చున్న మా పనిమనిషి, చివరికి నేను.

సంగతేమిటంటే, అందరం కలిసి టీవీలో ‘కోర్ట్’ సినిమా చూశాం. 2025 మార్చి 14న విడుదలైనప్పుడు మా విజయనగరంలో చాలామంది థియేటర్లో చూసేశారు. మా వీధి ఆడవాళ్ళకి మాత్రం పరీక్షలూ, పెళ్ళిళ్ళూ, ఆవకాయ పనులూ అయ్యేసరికి ఇన్నాళ్ళు పట్టింది. నాని సమర్పించిన చిత్రం. దర్శకుడు రామ్ జగదీష్‌కి అదే మొదటి సినిమా. కథంతా మన పక్కనున్న విశాఖపట్నంలోనే, 2013లో జరుగుతుంది. పందొమ్మిదేళ్ళ కుర్రాడు, వాచ్‌మన్ కొడుకు. పదిహేడేళ్ళ అమ్మాయి, వున్నవాళ్ళ పిల్ల. ఇద్దరికీ స్నేహం కుదిరింది. పిల్ల తరఫున పెద్దరికం వెలగబెట్టే మంగపతి అనే ఆయన పరువు కోసం కుర్రాడి మీద పోక్సో కేసు పెట్టించాడు. కుర్రాడు జైలుపాలయ్యాడు. అప్పటిదాకా ఒక్క కేసూ సొంతంగా వాదించని జూనియర్ లాయరు, మన ప్రియదర్శి, వాణ్ణి బయటికి తెచ్చాడు. కథ ఇంతే. కానీ ఆ రెండున్నర గంటలూ మా వదినగారు చేగోడీ చేత్తో పట్టుకుని కొరకడం మర్చిపోయారంటే చూసుకోండి!

సినిమా అయిపోగానే వాదనలు మొదలయ్యాయి.

“కుర్రాడు మంచివాడే, కాదనను. కానీ ఇద్దరాడపిల్లల తల్లిని కదా, నాకు గుండె దడగానే వుందండీ. ఇలాంటి చట్టం లేకపోతే మన పిల్లలకి దిక్కెవరు?” అన్నారు వదినగారు.

పిన్నిగారికి ఇంటర్ చదివే మనవడున్నాడు. “చట్టం సంగతి సరే తల్లీ, మగపిల్లాడి బతుకు బతుకు కాదా? మావాడు ఫోను పట్టుకుంటే నాకిక నిద్రపట్టదు” అన్నారావిడ.

“లాయర్లు ఆ అడిగేదేదో మొదటిరోజే అడిగితే మొదటి వాయిదాలోనే తేలిపోను” అన్నారు మా వారు. మొదటిరోజే తేలిపోతే సినిమా ఏముంటుందండీ అన్నాను నేను.

“ఓలమ్మ! ఆ గుంటడు డబ్బున్నోడి కొడుకైతే కేసెట్టుదురేటి? పెళ్ళి సేసేద్దురు!” అంది మా పనిమనిషి. అందరికంటే పొట్టి తీర్పు ఆవిడదే. కొట్టిపారెయ్యడానికి ఎవరికీ మాట దొరకలేదు.

ఇన్ని రకాలుగా మాట్లాడారు కానీ, ఒక్క విషయంలో అయిదుగురిదీ ఒకే మాట. కుర్రాడు నిర్దోషి. ఆ సంగతి మీద ఎవరికీ రవ్వంత అనుమానం లేదు. ఆ రాత్రి గిన్నెలు సర్దుకుంటుంటే నాకు తట్టింది. మాకంత నమ్మకం ఎక్కణ్ణుంచి వచ్చింది?

చూశాం కనక వచ్చింది. ఆ పిల్లలిద్దరూ ఒంటరిగా మాట్లాడుకున్నప్పుడు మేమక్కడే వున్నాం. వాడి చూపులో కల్మషం లేదని దగ్గరగా చూపించారు. మంగపతి మొహంలో విషమూ అంతే దగ్గరగా చూపించారు. శివాజీ ఆ వేషం ఎంత బాగా వేశాడంటే, పిన్నిగారు టీవీనే తిట్టిపోశారు! సినిమాలోని జడ్జిగారు పాపం ఇవేవీ చూడలేదు. ఆయనకి దొరికినవి కాగితాలూ, సాక్షుల మాటలే. మనకి దర్శకుడు దేవుడి పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. జడ్జిగారికి మామూలు కుర్చీయే.

ఈ కుర్చీ తెలుగువాళ్ళకి కొత్తదేమీ కాదు. మా వూళ్ళోనూ వేశారు. 1892లో విజయనగరంలో ఆడిన ‘కన్యాశుల్కం’తో, గురజాడవారు ఆ ముచ్చట ప్రేక్షకులకి తీర్చారు. కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేసి లుబ్ధావధాన్లుకి పెళ్ళికూతురని అంటగట్టాడు. ఆ ‘పిల్ల’ మాయమైపోయింది. ముసలాయన మీద హత్యానేరం వచ్చిపడింది. లేని పిల్లని చంపాడని కేసు! వకీళ్ళు తలలు పట్టుకుంటుంటే చూసేవాళ్ళకి కడుపుబ్బ నవ్వు. ఎందుకంటే మనకి తెలుసు కదా! కథలో కూడా మధురవాణి మగవేషంలో వెళ్ళి సౌజన్యారావు పంతులుకి అసలు సంగతి చెబితే తప్ప చిక్కుముడి వీడలేదు. అక్కడున్న పెద్దమనుషుల్లో ఒక్కడికీ తనంతట తనకి నిజం కనబడలేదు. మధురవాణి లేని వూళ్ళో లుబ్ధావధాన్లు గతి ఏమయ్యేదో ఎప్పుడైనా ఆలోచించారా?

మరో చిత్రం చూడండి. ఆ నాటకం ఆడడానికి ముందటేడు, 1891లో, ఇంగ్లీషువాళ్ళు ఆడపిల్ల సమ్మతి వయసు పదేళ్ళ నుంచి పన్నెండుకి పెంచారు. పన్నెండుకి పెంచినందుకే దేశంలో పెద్దలు గగ్గోలు పెట్టారు. అది పెరుగుతూ పెరుగుతూ పదహారైంది. 2012 నవంబరు 14న పోక్సో చట్టం అమల్లోకి వచ్చినప్పుడు పద్ధెనిమిదైంది. పసిపిల్లల్ని ముసలివాళ్ళకి అమ్ముకున్న గడ్డమీద ఆ కంచె ఎందుకు కట్టారో వేరే చెప్పక్కర్లేదు. అదే కంచెలో ఇవాళ సినిమాలోలాంటి పందొమ్మిదేళ్ళ కుర్రాళ్ళూ చిక్కుకుంటున్నారు. మరి వయసు తగ్గించాలా అని అడిగితే 2023లో లా కమిషన్ వద్దంది. కాకపోతే పదహారు, పద్ధెనిమిది మధ్య పిల్లలు ఇష్టపడి చేసిన వాటిల్లో శిక్ష విషయంలో జడ్జీకి కొంత విచక్షణ వుండాలంది. వదినగారి దడా నిజమే, పిన్నిగారి దడా నిజమేనని పెద్దలు కూడా ఒప్పుకున్నారన్నమాట.

ఈ చట్టంలో నన్ను పట్టుకున్న సంగతులు రెండున్నాయి. మామూలుగా అయితే నేరం రుజువయ్యేదాకా మనిషి నిర్దోషి. ఇందులో కొన్ని పెద్ద నేరాలకి అది తిరగబడుతుంది. ముద్దాయి నేరం చేశాడనే కోర్టు అనుకోవాలి. కాదని వాడే రుజువు చేసుకోవాలి. అంటే కేసు రాసేవాడి కలం ఎంత జాగ్రత్తగా కదలాలో చూడండి.

రెండోది, ఈ కేసుల్ని తలుపులు మూసి విచారించాలి. పిల్ల తల్లిదండ్రులో, ఆ పిల్ల నమ్మిన మనిషో పక్కన వుండొచ్చు. వేడుక చూసేవాళ్ళకి చోటు లేదు. పిల్ల పేరు పొక్కకూడదు. పిల్లని గద్దించి, శీలం మీద దెబ్బకొట్టే ప్రశ్నలు అడగనివ్వకూడదు. చట్టం పనిగట్టుకుని ఎవర్ని బయటికి పంపిందో గమనించారా? మనల్నే! ప్రేక్షకుల్ని! సినిమా మనల్ని చెయ్యిపట్టి లోపలికి తీసుకెళ్ళింది. సినిమా కాబట్టి ఫరవాలేదు. అందులో ఎవరి బతుకూ పోదు. కానీ ఒకసారి ఆ కుర్చీ రుచి మరిగాక, ఇంటికొచ్చి అరుగుమీద కూడా అదే కుర్చీ వేసుకుంటామేమోనని నా భయం.

భయమేమిటి, నేను వేసుకున్నదాన్నే కనక చెబుతున్నాను.

నేను శ్రీకాకుళంలో బి.ఏ. చదివే రోజులు. మా వీధిలో ఒకమ్మాయి వుండేది. నాకంటే రెండేళ్ళు చిన్నది. నన్ను అక్కా అని పిలిచేది. లెక్కల్లో దిట్ట. ఓ సాయంత్రం నాగావళి వంతెన మీద ఎవరో కుర్రాడితో మాట్లాడుతూ కనబడిందని కబురొచ్చింది. చూసినదెవరో తెలీదు. కబురు మాత్రం కుళాయి దగ్గర బిందెలు నిండేలోగా వీధంతా తిరిగింది. ఆ రాత్రి వాళ్ళమ్మ మా యింటికొచ్చింది. పెరట్లో నన్ను పక్కకి పిలిచి, “నువ్వు రోజూ కాలేజీకి వెళ్ళొస్తుంటావు కదమ్మా, నిజం చెప్పు. నీకేమైనా తెలుసా?” అని అడిగింది.

నాకేమీ తెలీదు. ఆ కుర్రాడెవరో కూడా తెలీదు. “తెలీదు పిన్నీ” అన్నాను. అక్కడితో ఆగితే బాగుండేది. ఏమీ తెలీదంటే చిన్నతనమనిపించిందో, పెద్దదానిలా నన్నడిగిందన్న గర్వమో, “అయినా నిప్పు లేనిదే పొగరాదంటారు కదా” అని ఓ సామెత కలిపాను. సామెత చెబితే తెలివైనదాన్ననుకుంటారని కాబోలు!

పిన్ని ఇంకేమీ అడగలేదు. మర్నాటి నుంచి ఆ పిల్ల కాలేజీకి రాలేదు. నాలుగు నెలలు తిరక్కుండా పెళ్ళి చేసి దూరం పంపేశారు. నా ఒక్క మాటతోనే అయిందనను. కానీ ఆ తీర్పు కింద పడ్డ సంతకాల్లో నాదొకటి. ఆ కోర్టులో జూనియర్ లాయరు లేడు, వాయిదా లేదు. అసలు “ఏమ్మా, ఏం జరిగింది?” అని ఆ పిల్లని కూర్చోబెట్టి అడిగినవాళ్ళే లేరు.

ఆ వంతెన మీద నిజంగా ఏం జరిగిందీ అంటారా? ఈనాటికీ నాకు తెలీదు. కథైతే చివర్లో చూపించేస్తాను. పుస్తకమిమ్మన్నాడనో, దారి అడిగాడనో, లేదా నిజంగానే మనసిచ్చాడనో రాసేస్తాను. నవలలు రాసేదాన్ని, నాకదెంత పని! బతుకులో ఆ చివరి సీను ఎవరూ తియ్యరు. అయినా ఏం జరిగితే మాత్రం, ఓ ఆడపిల్ల చదువు ఆపెయ్యడానికి అది చాలినంత నేరమా?

చాలా ఏళ్ళ తర్వాత అరసవల్లి గుళ్ళో కనబడింది. తనే గుర్తుపట్టి నా చెయ్యి పట్టుకుంది. “వారపత్రికల్లో నీ కథలన్నీ చదువుతానక్కా. నీ కథల్లో అమ్మాయిలందరూ చదువుకుంటారు కదూ!” అంది నవ్వుతూ. ఆ సామెత సంగతి తనకి తెలుసో తెలీదో. నేను చెప్పలేదు. ప్రసాదం చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడిపోయాను.

అందుకని అభిప్రాయాలే వుండకూడదంటానా? అబ్బే! సినిమా గురించి కావలసినన్ని చెప్పుకుందాం. నాటకం గురించి, నా నవలల గురించి కూడా. అవన్నీ చూపించినవి, చూసినవి. మనుషుల దగ్గరికొచ్చేసరికి మాత్రం నోరు తెరిచే ముందు రెండు ప్రశ్నలు నన్ను నేను అడుగుతున్నాను. నేను చూశానా? వాళ్ళని అడిగారా? ఈ రెండింటికీ కాదనే జవాబైతే నాకు మిగిలేది ఒకే మాట. తెలీదు. చెప్పడానికి ఇంత చిన్నమాటే కానీ, నలుగురి మధ్య పలకడం ఎంత కష్టమో ప్రయత్నించి చూడండి.

ఆ ఆదివారం కోర్టు ముగిసిన నాలుగోనాడే నాకు పరీక్ష ఎదురైంది. పిన్నిగారు గొంతు తగ్గించి, “మేడమీద అద్దెకున్న అమ్మాయి రాత్రి తొమ్మిదింటికి ఎవరి బండిమీదో దిగిందట. నీ కిటికీలోంచి కనబడుతుంది కదా, ఏమిటి సంగతి?” అన్నారు.

“తెలీదు పిన్నిగారూ” అన్నాను. ఆ వెనకే సామెత నాలిక చివరిదాకా వచ్చి నిలబడింది. మింగేశాను.

పిన్నిగారు చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయారు. అంట్లు తోముతున్న మా పనిమనిషి తలెత్తకుండానే అంది. “తెల్దంటే తెల్దనాల. అందులో తప్పేటి?”

ఆవిడ తీర్పులెప్పుడూ పొట్టివే!