ఇంకొకరు రాసిచ్చిన ‘నేను’

ఎల్టన్ జాన్ పాటల్లో ‘నేను’ అన్న మాట ఎక్కడ వినబడినా నాకు ఒక చిన్న తిరకాసు కనిపిస్తుంది. ఆ ‘నేను’ ఆయన రాసింది కాదు. యాభై ఏళ్ళకు పైగా ఆయన గొంతు చించుకుని, కళ్ళు మూసుకుని, ఒక్కోసారి కన్నీళ్ళతో పాడిన పాటల్లో చాలావాటి మాటలు బెర్నీ టాపిన్ అనే ఇంకో మనిషివి. బాణీ ఎల్టన్‌ది, గొంతు ఎల్టన్‌ది. మనసు ఎవరిది?

మనకిదేం వింత, అనొచ్చు మీరు. సినిమా పాటలు విని పెరిగినవాళ్ళం. రాసేదొకరు, బాణీ కట్టేదొకరు, పాడేదొకరు, తెర మీద పెదాలు కదిపేది మరొకరు. కానీ అక్కడ ‘నేను’ కథలో ఒక పాత్ర అని వినే ప్రతివాడికీ తెలుసు. ఎల్టన్ జాన్ తన పేరుతో, తన మొహంతో, తన పియానో ముందు కూర్చుని ‘నేను’ అంటాడు. వినేవాళ్ళు అది ఆయన గుండెలోంచి వచ్చిందనే నమ్ముతారు. నేనూ చాలా ఏళ్ళు అలాగే నమ్మాను. మాటలు వేరే ఆయనవని ఇంజనీరింగ్ మూడో ఏడాదిలో తెలిసినప్పుడు కొంచెం మోసపోయినట్టే అనిపించింది.

ఇప్పుడు అలా అనిపించడం లేదు. ఎందుకంటే ఈ ప్రశ్న ఆ తర్వాత నా మీదకే వచ్చింది. మూడేళ్ళ క్రితం, మా నాన్న పెద్దకర్మ రోజు. ఆ సంగతి కాసేపాగి చెప్తాను.

ముందు కవరు కథ. 1967లో లిబర్టీ రికార్డ్స్ అనే సంస్థ లండన్ సంగీత పత్రికలో ఒక ప్రకటన వేసింది, ప్రతిభ ఉన్నవాళ్ళు కావాలని. ఇరవై ఏళ్ళ రెజినాల్డ్ డ్వైట్ వెళ్ళాడు. ఎల్టన్ జాన్ అనే పేరు ఇంకా పెట్టుకోలేదు. బాణీ కట్టడం వచ్చు, మాటలు రాయడం రాదు అని చెప్పాడు. అక్కడి మనిషి బల్ల మీదున్న ఉత్తరాల్లోంచి విప్పని కవరొకటి తీసి చేతిలో పెట్టాడు. అది లింకన్‌షైర్ పల్లెల నుంచి పదిహేడేళ్ళ టాపిన్ పంపింది. అతను సరిగ్గా తిరగేసి రాశాడు: మాటలు రాయగలను, సంగీతం రాదు. ఇద్దరూ ఒకర్నొకరు చూసుకోకముందే కొన్ని పాటలు తయారయ్యాయి.

పద్ధతి ఆ తర్వాత కూడా పెద్దగా మారలేదు. బెర్నీ ఒకచోట రాస్తాడు, ఎల్టన్ ఇంకోచోట పియానో ముందు కూర్చుంటాడు. ఒకే గదిలో కూర్చుని రాయరు. మన సినిమాల్లో ఎక్కువగా బాణీ ముందు, మాట తర్వాత. వీళ్ళది తిరకమరక. కాగితం వస్తుంది, ఎల్టన్ చూస్తాడు, వేళ్ళు కదులుతాయి. అరగంటా ముప్పావుగంటలో బాణీ కుదరకపోతే ఆ కాగితం పక్కన పడేస్తానని ఆయనే చాలాసార్లు చెప్పుకున్నాడు. ఈ చివరి ముక్క గుర్తుంచుకోండి, నాకు దీంతో పనుంది.

వీళ్ళకి పేరు తెచ్చిన ‘యువర్ సాంగ్’నే చూడండి. నార్త్‌వుడ్ హిల్స్‌లో ఎల్టన్ వాళ్ళమ్మ ఫ్లాట్‌లో ఇద్దరూ ఒకే గదిలో, రెండంతస్తుల మంచం మీద పడుకునే రోజులు. ఒక పొద్దున టిఫిన్ బల్ల దగ్గర బెర్నీ రాశాడు. ఎల్టన్ ఇరవై నిమిషాల్లో బాణీ కట్టాడంటారు. ఆ పాట దేని గురించి? మనసులో ఉన్నది ఎలా చెప్పాలో తెలియని ఒక కుర్రాడి తడబాటు గురించి. చెప్పడం చేతకానివాడి పాటని, నిజంగానే చెప్పడం చేతకానివాడు, చెప్పడం తెలిసినవాడి దగ్గర తీసుకుని పాడాడు. దీన్ని అబద్ధం అనడానికి నాకు నోరు రావడం లేదు.

అలాగని వదిలేయలేను కూడా. అరువు మాటల్లో దాక్కోవచ్చు. బెర్నీ ఆడవాళ్ళని ప్రేమించినవాడు, పాటలూ అలాగే రాశాడు. ఎల్టన్ మగవాళ్ళని ప్రేమించినవాడు. 1976లో రోలింగ్ స్టోన్ పత్రికతో తను ద్విలింగాకర్షణ గలవాడినని చెప్పేదాకా ఆ సంగతి బయటికి చెప్పుకోలేదు. 1984లో ఒకమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు, 1988లో విడిపోయాడు. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1967 దాకా మగవాళ్ళ మధ్య ప్రేమ నేరం. చట్టం మారినా జనం అంత త్వరగా మారరు. ఆ ఏళ్ళన్నీ బెర్నీ ‘నేను’ ఎల్టన్‌కి ముసుగుగా కూడా పనికొచ్చింది అనుకుంటాను. ఎవరైనా అడిగితే చూపించడానికి ఒక గుండె ఉంది, అది తనది కాకపోయినా. ఆయన్ని తప్పుపట్టడానికి చెప్పడం లేదు. ఈ ఏర్పాటుకి ఇలాంటి వాడకం కూడా ఉందని.

దీనికి పూర్తిగా ఎదురుగా నిలబడేది 1975 నాటి ‘సమ్‌వన్ సేవ్డ్ మై లైఫ్ టునైట్’. 1968లో ఎల్టన్ ఇష్టంలేని పెళ్ళికి ఒప్పుకుని, బయటపడే దారి తెలియక, చచ్చిపోదామని సగం మనసుతో ఒక ప్రయత్నం చేశాడు. అదే ఇంట్లో ఉంటున్న బెర్నీ చూశాడు. ఆ తర్వాత గాయకుడు లాంగ్ జాన్ బాల్డ్రీ ఒక రాత్రి కూర్చోబెట్టి, ఈ పెళ్ళి మానెయ్ అని గట్టిగా చెప్పాడు. కొన్నేళ్ళ తర్వాత బెర్నీ ఆ రాత్రిని పాటగా రాశాడు, ‘నేను’ అంటూ, ఎల్టన్ నోటితో. ఇక్కడ జీవితం ఎల్టన్‌ది, మాటలు పక్కనున్నవాడివి. తన బతుకులోని అతి చెడ్డ రాత్రిని ఎల్టన్ ఇంకొకరి కాగితం మీద చదివి తెలుసుకున్నాడు. పాట ఆరు నిమిషాలు దాటుతుంది, తొందరపడదు. నాకు వీళ్ళ పాటలన్నిట్లో ఇదే గొప్పది. ‘రాకెట్ మ్యాన్’ అభిమానులు తిట్టుకున్నా సరే.

మా నాన్న లెక్కల మాస్టారు. మా ఇద్దరికీ మాటలు లేవు. గొడవ కూడా లేదు, ఉంటే బావుండేదేమో. ఫోన్ చేస్తే ‘తిన్నావా’, ‘ఆ’, ‘అమ్మకిస్తున్నా’. అంతే. ఆయన పోయాక పెద్దకర్మ రోజు నలుగురూ కూర్చుని ఆయన గురించి మాట్లాడాలన్నారు. కొడుకువి నువ్వు తప్పనిసరి అన్నారు. రెండు రాత్రులు లాప్‌టాప్ ముందు కూర్చున్నాను, నాలుగు లైన్లు పడలేదు. హాస్టల్లో నాలుగేళ్ళు నా రూమ్మేట్‌గా ఉన్న స్నేహితుడికి మెసేజ్ పెట్టాను. వాడు కవిత్వం రాస్తాడు. అర్ధరాత్రి దాటాక ఒక పేజీ వచ్చింది, ‘నేను’ అంటూ, నా తరఫున.

చదవకుండానే ప్రింట్ తీయించాను. మైకు ముందు మొదటిసారి చదివాను. అందులో ఒక సంగతి ఉంది. మేం సెకండియర్‌లో ఉన్నప్పుడు నాన్న హాస్టల్‌కి వచ్చారు. నాకు ల్యాబ్ ఉంటే వీడే బస్టాండ్ దాకా దింపాడు. దారిలో నాన్న వాడితో అన్నారట, మావాడితో ఏం మాట్లాడాలో నాకు తెలియదు బాబూ, అందుకే ఊరికే చూసిపోదామని వచ్చాను, అని. పద్నాలుగేళ్ళు వాడు నాకు చెప్పలేదు. దాన్ని ‘నాన్న ఊరికే నన్ను చూసిపోవడానికి వచ్చేవారు’ అని నా మాటగా మార్చి రాశాడు. ఆ లైను దగ్గర నాకు గొంతు పూడుకుపోయింది. మిగతాది మా బావ చదివాడు.

అయ్యాక పెద్దమ్మ దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకుంది. “ఎంత బాగా రాశావురా. నువ్వే రాశావా?”

“అవును పెద్దమ్మా.”

కోడ్‌లో ఏ లైను ఎవరు రాశారో చూపించే ఆదేశం ఒకటుంది మా పనిలో. దాని పేరు ‘బ్లేమ్’. అంటే నింద. పేరు పెట్టినవాడికి దండం పెట్టాలి. ఆ రోజు నుంచి నాలో అది నడుస్తూనే ఉంది. ఏడుపు నాదా? మాట నాది కాదు కదా?

ఒక సంగతి కొంచెం ఊరటనిచ్చింది. అదే రోజు పొద్దున అంతకంటే ఎక్కువ అరువు మాటలు పలికాను, ఎవరూ అడగలేదు. పంతులుగారు చెప్తుంటే అర్థం తెలియని సంస్కృతంలో ‘నా తండ్రికి’ అని తిరిగి చెప్పాను. గోత్రం దగ్గర మా గోత్రం, పేరు దగ్గర నాన్న పేరు. మిగతా మాటలు అందరు కొడుకులవీ. మంత్రంలో ఖాళీ ముందే ఉంటుంది, ఎవరి పేరైనా పడుతుంది.

అలాంటి ఖాళీ లేని పాటలో పేరు మారిస్తే? 1973లో వచ్చిన ‘క్యాండిల్ ఇన్ ద విండ్’ 1962లో చనిపోయిన మార్లిన్ మన్రో గురించి. 1997 ఆగస్టు 31న డయానా పోయింది. బెర్నీ అదే పాటకి మాటలు మార్చి రాశాడు. సెప్టెంబర్ 6న వెస్ట్‌మినిస్టర్ అబేలో ఎల్టన్ పాడాడు. ఆ రోజే స్టూడియోకి వెళ్ళి జార్జ్ మార్టిన్ చేతి కింద రికార్డు చేశాడు. మూడు కోట్లకు పైగా ప్రతులు అమ్ముడయ్యాయి. డబ్బు ఆమె పేరిట పెట్టిన నిధికి వెళ్ళింది. ఒకామెకి ఏడ్చిన ఏడుపు ఇంకొకామెకి సరిపోతుందా అని ఎవరైనా అడగొచ్చు. పైగా బెర్నీ, ఆ మొదటి పాట మార్లిన్ గురించే కానక్కర్లేదు, జేమ్స్ డీన్ గురించైనా జిమ్ మారిసన్ గురించైనా అయ్యుండొచ్చు అని ఎప్పుడో అన్నాడు.

సాహిత్యంగా చూస్తే కొత్త మాటలు నాకు నచ్చవు. మొదటి పాటలో ఒక మనిషి ఉంది, రెండోదాంట్లో దేశం, గులాబీలు ఉన్నాయి. కానీ ఎల్టన్ ఆ రోజు టెలిప్రాంప్టర్ కావాలని పట్టుబట్టాడు. ఇరవై ఏళ్ళకు పైగా పాడిన పాట కదా, అలవాటులో నోరు జారి మార్లిన్ మాటలు వచ్చేస్తాయేమోనని భయం. ఆ పాటకి వారాల ముందే, జులైలో, మిలాన్‌లో వెర్సాచే సంస్మరణ ప్రార్థనలో ఎల్టన్ ఏడుస్తుంటే పక్కన కూర్చుని ఓదార్చింది ఇదే డయానా. ఆ తర్వాత ఆ రెండో రూపాన్ని ఆయన కచేరీల్లో పాడలేదు. మార్లిన్ పాటని మాత్రం పాడుతూ వచ్చాడు. మాటలు సాధారణంగా ఉన్నా, ఆ భయం, ఆ మానుకోవడం ఆయనవి. వాటిని ఎవరూ రాసివ్వలేదు.

ఇక్కడికొచ్చాక ఆ అరగంట లెక్క నాకు వేరేగా కనబడింది. వచ్చిన కాగితాలన్నీ పాటలు కాలేదు. వేళ్ళకి తగలనివి పక్కకి పోయాయి. ‘డానియల్’ పాటలో చివరి చరణాన్ని నిడివి ఎక్కువైందని ఎల్టన్ కొట్టేశాడు. వియత్నాం నుంచి తిరిగొచ్చిన సైనికుడి కథ ఆ దెబ్బకి అర్థం కాకుండా పోయింది, పాట ఇంకా బాగుపడింది. అంటే తీసుకునేవాడు ఊరికే నోరు కాదు. కాదనే హక్కు వాడుకుంటూ ఔనన్న మాటలు అరువువే అయినా తేరగా వచ్చినవి కావు. ‘ఐయామ్ స్టిల్ స్టాండింగ్’ని బెర్నీ ఒక పాత ప్రేయసి మీద విసురుగా రాశాడు. ఎల్టన్ నోట్లో పడ్డాక అది మత్తులోంచీ అవమానాల్లోంచీ బతికి బయటపడ్డవాడి పాటయింది. ఇప్పుడు దాని అసలు అర్థం ఏదంటే ఏం చెప్తాం?

కానీ నేను కాదనే హక్కు వాడుకోలేదు. చదవకుండానే ప్రింట్ తీశాను. నాకు దక్కింది అదృష్టం, ఎంపిక కాదు.

‘ద లాస్ట్ సాంగ్’ కూడా ఉంది. ఎయిడ్స్‌తో చనిపోతున్న కొడుకు, చివరికి వచ్చి పక్కన కూర్చున్న తండ్రి. 1991 నవంబర్‌లో ఫ్రెడ్డీ మెర్క్యురీ చనిపోయిన రోజుల్లో బెర్నీ ఫ్యాక్స్‌లో పంపాడు, బాణీ కడుతూ ఎల్టన్ ఏడ్చాడు. డిసెంబర్‌లో ఎల్టన్ తండ్రి చనిపోయాడు. ఎల్టన్ అంత్యక్రియలకి వెళ్ళలేదు. తండ్రి చల్లటి మనిషని ‘మీ’ అనే ఆత్మకథలో చెప్తాడు. ఆ పుస్తకానికి కూడా గార్డియన్ విమర్శకుడు అలెక్సిస్ పెట్రిడిస్ సాయం ఉంది. తండ్రి రెండో పెళ్ళి తాలూకు తమ్ముడొకరు ఆ చిత్రణ న్యాయం కాదన్నాడు. ఎవరిది నిజమో తేల్చడం మన పని కాదు. నిజ జీవితంలో రాని తండ్రి పాటలో వచ్చాడు, అదీ ఇంకొకరు రాస్తే వచ్చాడు. నేను ఈ పాట ఎక్కువసార్లు వినలేను.

ఎల్టన్‌కీ నాకూ తేడా ఎక్కడంటే, ఆయన ఎప్పుడూ బెర్నీ పేరు దాచలేదు. 1975 ఆల్బమ్ పేరులోనే ఇద్దరూ ఉన్నారు, కెప్టెన్ ఫెంటాస్టిక్ ఎల్టన్, బ్రౌన్ డర్ట్ కౌబాయ్ బెర్నీ. 1994లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ వాళ్ళు బహుమతి ఇస్తే అక్కడికక్కడే బెర్నీ చేతిలో పెట్టేశాడు.

కిందటి సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు అమ్మకి చెప్పేశాను, అది నేను రాయలేదని. అమ్మ వంకాయలు తరుగుతోంది. తలెత్తలేదు.

“మరి ఏడ్చింది?”

“అది నేనే.”

“సరే అయితే,” అని, కాసేపాగి, “ఆ పిల్లాడు అప్పట్లో నాన్నని బస్సెక్కించి, సోడా కూడా కొనిచ్చాడంట,” అంది. నాన్న ఇంటికొచ్చి అమ్మకి చెప్పారట.

ఆ కాగితాన్ని అమ్మ లామినేషన్ చేయించి బీరువాలో పెట్టుకుంది. కింద నా పేరుంది. పక్కన వాడి పేరు రాద్దామని బాల్‌పెన్ తీసుకుంటే ప్లాస్టిక్ మీద గీత పడలేదు. సీడీల మీద రాసే మార్కర్ అయితే పడుతుందని మా బావ అన్నాడు. ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టాను.