విప్పి చూస్తే తెలిసేది



మన పెద్దవంగరలో పెళ్లి జరిగితే, ఫొటోగ్రాఫర్ చేతిలోని లెన్సు ఎంత పెద్దగా, బరువుగా ఉంటే అంత మంచిదనుకుంటాం. నిజమేనా?

కెనాన్ కంపెనీ 1987లో ఒక 50 మిల్లీమీటర్ల లెన్సు తెచ్చింది. కెమెరాకు బిగించే చోట లోహపు చుట్టు ఉండేది. 1990లో దాన్నే ప్లాస్టిక్ చుట్టుతో, చవకగా ఇచ్చింది. చేతిలో పట్టుకుంటే ఆటబొమ్మలా ఉంటుంది. కింద పడితే తొందరగా విరుగుతుంది కూడా. కానీ స్క్రూలు విప్పి చూడండి. రెండింట్లోనూ ఐదు గుంపులుగా అమర్చిన ఆరు అద్దాలే. బొమ్మను తెచ్చేది ఆ అద్దాలు. ఎంత గట్టి లోహపు లెన్సయినా, లోపల తేమ చేరి బూజు పట్టిందా, ఫొటో మసకే.

మరి మనిషిని ఎట్లా చూస్తున్నాం? ముందు కులం అడుగుతాం. ఆ తర్వాతే గ్లాసు అందిస్తాం.

శ్రావస్తిలో భిక్షకు వచ్చిన బుద్ధుణ్ణి అగ్గిక భారద్వాజుడు నీచుడని ఆపాడు. బుద్ధుడు కోప్పడలేదు. మనిషిని నీచుణ్ణి చేసేది పుట్టుక కాదు, చేసే పని అని విడమర్చి చెప్పాడు.

ఆయన మనిషిని విప్పి ఐదు స్కంధాలు చూపించాడు: రూపం, వేదన, సంజ్ఞ, సంస్కారాలు, విజ్ఞానం. స్కంధమంటే కుప్ప. మీరే వెతకండి, ఏ కుప్పలో కులం దొరికింది?

దొరికేది బూజు: లోభం, ద్వేషం, మోహం. అది ఎదుటివాడిలో కాదు, ముందు మనలో వెతకాలి. ఈ రాత్రి పది నిమిషాలు మౌనంగా కూర్చోండి. రేపు మీ గడప దగ్గర ఆగిపోయే మనిషిని లోపలికి పిలవండి.

భవతు సబ్బ మంగళం.