రాతిరథం, ట్రామ్‌బండి

కొన్నేళ్ళ క్రితం స్నేహితుడి పెళ్ళికి కోల్‌కతా వెళ్ళినప్పుడు గడియాహాట్‌లో ఎస్‌ప్లనేడ్ ట్రామ్ ఎక్కాను. ఎక్కడమే ఆలస్యం, ఫొటోల మీద ఫొటోలు. పక్కన కూరగాయల సంచీతో కూర్చున్న పెద్దాయన కాసేపు చూసి, హిందీలో అడిగాడు: “ఇందులో ఏముందని బాబూ అన్ని ఫొటోలు?”

“చాలా పాతది కదండీ, అందుకని...”

“పాతదో కొత్తదో నాకెందుకు? నాకు మోకాళ్ళ నొప్పి. నేను ఎక్కేదాకా బస్సువాడు ఆగడు, వీళ్ళు ఆగుతారు.”

ఫోన్ జేబులో పెట్టేశాను.

2024 సెప్టెంబరులో పశ్చిమ బెంగాల్ రవాణా మంత్రి ప్రకటన చదివినప్పుడు ఆయనే గుర్తొచ్చాడు. 1873లో గుర్రాలతో మొదలై, 1902లో కరెంటుకి మారిన ట్రామ్‌ని ఇక ఆపేస్తారట. మైదాన్, ఎస్‌ప్లనేడ్ మధ్య చిన్న ముక్క మాత్రం వారసత్వం కింద ఉంచుతారట. ఆ వార్త చదివాక నన్ను వదలని ప్రశ్న ఒకటే. ట్రామ్‌ని కాపాడటం అంటే దేన్ని కాపాడటం? బండినా, బండి చేసే పనినా?

శాన్‌ఫ్రాన్సిస్కోలో రెండు రకాలూ చూశాను. మార్కెట్ స్ట్రీట్ మీద నడిచే ఎఫ్ లైన్‌లో మిలాన్ నుంచి తెచ్చిన 1928 నాటి ట్రామ్‌లున్నాయి. ఫిలడెల్ఫియా వదిలించుకున్న బండ్లను బాగుచేసి, వేరే వేరే ఊళ్ళ ట్రామ్‌ల రంగులేసి తిప్పుతున్నవీ ఉన్నాయి. అసలు-నకిలీ లెక్కలు చూసేవాళ్ళకి అది వేషమే. కానీ టికెట్ మామూలు బస్సు ధరే. నేనెక్కిన రోజు ఆఫీసు బ్యాగులతో జనం ఎక్కారు, దిగారు. అదే ఊళ్ళో కేబుల్ కార్లకి 1964లోనే జాతీయ చారిత్రక చిహ్నం హోదా ఇచ్చారు. ఒక్క ట్రిప్పుకి బస్సు టికెట్‌కి రెండింతల పైమాటే. క్యూలో ఉన్నవాళ్ళు చాలామంది నాలాంటి టూరిస్టులే.

మనకి ఇది కొత్త ప్రశ్నేమీ కాదు. పూరీలో జగన్నాథుడి రథాన్ని ఏటా కొత్త కలపతో కడతారు. పోయినేటి రథం కాదు కాబట్టి ఇది అసలు రథయాత్ర కాదని ఎవరూ అనరు. హంపీలో రాతిరథం శతాబ్దాలుగా అక్కడే ఉంది. అద్భుతమే, యాభై రూపాయల నోటు మీదికీ ఎక్కింది. కానీ దాన్ని ఎవరూ లాగరు.

మంత్రి వాదనని నేను తేలిగ్గా కొట్టిపారేయలేను. ఇరుకు రోడ్లు, పెరిగిన బండ్లు, పట్టాల దగ్గర ఆగిపోయే ట్రాఫిక్. పైగా పాత సిస్టమ్‌లని ఆపేయడం నా ఉద్యోగంలో భాగం. ఆపేముందు మేం అడిగే మొదటి ప్రశ్న: “దీన్ని ఇంకా ఎవరు వాడుతున్నారు?” ఒకసారి అలాంటి అప్లికేషన్‌కి వాడకందార్లు తగ్గిపోయారని చూపించే గ్రాఫ్ నేనే గీశాను. అంతకు ఏడాది ముందు నుంచీ దాని రిపేర్లు మానేసింది కూడా మేమే. ఆ సంగతి గ్రాఫ్‌లో లేదు. మీటింగులో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ట్రామ్ ఎక్కేవాళ్ళు తగ్గిపోయారన్న మాట విన్నప్పుడల్లా నాకు ఆ గ్రాఫే కళ్ళముందుకొస్తుంది. రూట్లు ఒక్కొక్కటిగా మూసేస్తూ పోతే జనం ఎక్కడ ఎక్కుతారు?

పాత బండి అందాన్ని తక్కువ చేయట్లేదు. ఒక చెక్క తలుపుని పాత పద్ధతిలో బిగించగల వడ్రంగి చేతిపని పోతే మళ్ళీ రాదు. దానికీ డబ్బు పెట్టాలి. కానీ రెండింటికీ డబ్బు లేదు, ఒక్కటే ఎంచుకోమంటే? మైదాన్‌లో తిరిగే అందమైన పాత బండి వద్దు, గడియాహాట్ మీదుగా పోయే సాదాసీదా కొత్త ట్రామ్ చాలంటాను. అందులో ఫొటో తీసుకోదగ్గదేమీ ఉండకపోవచ్చు. మైదాన్ ట్రామ్‌లో మాత్రం ఆ పెద్దాయన కూరగాయల సంచీ పట్టుకుని ఎక్కడికి వెళ్తాడు?