దాచిన సంతకము, తప్పిపోయిన మనిషి
ధ్యాన భాగము: లూకా 15:3–7



పేరు మాసిపోయిన పాతకాలపు ఆటగాండ్ర సంతకములను వెదకి దాచుకొనువారు లోకములో కొందరున్నారు. అమెరికాలో బేస్‌బాల్ అను ఆటను తొలిదినములలో ఆడినవారి సంతకము చిన్న కాగితముపై దొరికినను పదిలపరతురు. ఇట్టి పని విశ్వాసులకు తగునా? మనము ఆలోచింతము.

మన తెలుగువారిలో కోటా రామస్వామిగారను ఆటగాడుండెను. 1896లో మద్రాసులో పుట్టెను. 1922లో డేవిస్ కప్ టెన్నిస్ పోటీలలో మన దేశము పక్షమున ఆడెను. 1936లో, నలువదేండ్ల వయస్సున, ఇంగ్లండుతో రెండు క్రికెట్ టెస్టులాడి 170 పరుగులు తీసెను. నేడు మన నందవరములో బ్యాటు పట్టిన బాలురలో ఆయన పేరు ఎందరికి తెలియును? అట్టివాని సంతకమును ఒకడు ప్రేమతో దాచినయెడల అది మంచిదే.

జ్ఞాపకార్థము వస్తువు నుంచుట తప్పు కాదు. యొర్దాను దాటిన పిమ్మట యెహోషువ పండ్రెండు రాళ్లు నిలువబెట్టించెను. అవి పిల్లలకు దేవుని కార్యమును తెలుపుటకే (యెహోషువ 4). అయితే మోషే చేసిన ఇత్తడి సర్పమునకు జనులు ధూపము వేయుచుండగా హిజ్కియా దానిని పగులగొట్టెను (2 రాజులు 18:4). వస్తువు మనలను దేవుని యొద్దకు, మనుష్యుల యొద్దకు నడిపించినంతవరకే మేలు.

పౌలు తన చేతితోనే వందనము వ్రాసెను (1 కొరింథీయులకు 16:21). ఆయన చేవ్రాలు గల ఆ పత్రిక నేడు లేదు, నకళ్లే మిగిలెను. ఐనను ఆ ప్రేమ మన వరకు వచ్చెను.

రామస్వామిగారు 1985 అక్టోబరులో, ఎనుబది తొమ్మిదేండ్ల ముదిమిలో, ఇల్లు విడిచి వెళ్లి మరల కనబడలేదు. ఆయన సంతకము ఎవరి పెట్టెలోనో భద్రముగా నుండవచ్చును. మనిషి మాత్రము దొరకలేదు. మన కాపరి వెదకునది కాగితమును కాదు, తప్పిపోయినదానినే.

మన సంఘపు పాత పుస్తకములలో వేలిముద్రలు వేసిన పెద్దలున్నారు. ఆ పుస్తకములకు చెదలు పట్టకుండ కాపాడుదము. కాని వేలిముద్ర వేసిన అవ్వ నేడు అరుగుమీద ఒంటరిగా కూర్చుండినయెడల, ముందు ఆమె యింటికి వెళ్లుదము. ఆమె పేరు పరలోకమందు వ్రాయబడి యున్నది (లూకా 10:20). ఆ పేరు పెట్టి పిలుచువారు ఈ వీధిలోను ఉండవలెను గదా!

ప్రార్థన: ప్రభువా, మేము మరచినవారి గుమ్మమునకు మమ్మును నడిపించుము. ఆమేన్.